పాపకీ జియార్డియానే, పెయ్యకీ జియార్డియానే. పెయ్యని అమ్మేయమంటున్నారు, ఏం చెయ్యమంటారు?

కాశీనగర్_కుర్రోడు
మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. మా పాపకి నాలుగేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి కడుపు బాగుండట్లేదు. నీళ్ల విరేచనాలు కావు. జిడ్డు జిడ్డుగా, భరించలేని కంపు, పొట్ట ఉబ్బరం, కుళ్లిన గుడ్డు వాసనతో తేపులు. తింటోంది గానీ ఒంటికి పట్టట్లేదు. పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో మలపరీక్ష చేయిస్తే జియార్డియా అనే పేగు క్రిమి సిస్టులు (గట్టి పెంకులో ఉండే దశ) ఉన్నాయని రాశారు. మందు వాడితే తగ్గింది, కొన్నాళ్లకి మళ్లీ మొదలైంది.

ఇదే సమయంలో మా ఆవు పెయ్య కూడా పారుకుంటోంది. పేడ పరీక్షలోనూ అదే పేరు వచ్చింది. అంతే, ఇంట్లో గొడవ. దూడ వల్లే గుంటకి వచ్చింది, సంతకి తోలేయండి అని మా అత్త పట్టుబట్టింది. క్లినిక్ డాక్టరుగారు కూడా "పశువుల దగ్గరికి పంపకండి" అని ఒక్క ముక్క అనేసి తర్వాతి పేషెంటుని పిలిచారు. ఇంట్లో మిగతావాళ్లకి పరీక్ష చేయించాలా అని అడిగితే జవాబు లేదు.

పేరు ఒకటైతే క్రిమి కూడా ఒకటేనా? దూడ నుంచే వచ్చిందని తేల్చుకునే దారి ఉందా? అది మేలుజాతి పెయ్య, దాని మీద చాలా ఆశ పెట్టుకున్నాం. అలాగని పాప కంటే ఎక్కువ కాదు.

గుణుపురం_బాబ్జీ
అమ్మకండి. కొన్నవాళ్ల ఇంట్లో మాత్రం పిల్లలు ఉండరా?

బరంపురం_కోడలు
మా ఆడపడుచు కొడుక్కి అచ్చం ఇవే లక్షణాలు. అందరూ కుక్కని ఆడిపోసుకున్నారు. కుక్కని ఊరవతల వదిలేశారు, అయినా తగ్గలేదు. చివరికి వేరే డాక్టరు అందరికీ పరీక్ష చేయిస్తే వాళ్ల నాయనమ్మలో దొరికింది. ఆవిడకి ఒక్క పూట కూడా కడుపునొప్పి లేదు. వంటంతా ఆవిడ చేతి మీదే. ఇద్దరికీ కలిపి మందు ఇచ్చాక నెమ్మదించింది.

ల్యాబ్_లక్ష్మి
పై పోస్టు చాలా ముఖ్యం. లక్షణాలు లేకుండా సిస్టులు వదిలేవాళ్లు చాలామంది ఉంటారు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని, రోజూ అయోడిన్ వేసి చూసేదాన్ని. మైక్రోస్కోపులో జియార్డియా సిస్టు కోలగా 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది, లోపల నాలుగు కేంద్రకాలు. పాపదైనా పెయ్యదైనా కుక్కదైనా అలాగే కనిపిస్తుంది. ఎంత అనుభవం ఉన్నా కంటితో చూసి ఇది మనిషిది, ఇది పశువుది అని చెప్పలేం. మేం రిపోర్టులో రాసే పేరు అంతవరకే, దాన్ని పట్టుకుని ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చకూడదు.

ఇంకొకటి, సిస్టులు రోజూ ఒకేలా పడవు. ఒకసారి చూసి "లేదు" అంటే లేనట్టు కాదు. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకి పరీక్ష చేయిస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

జన్యుబాట
మా ఊరు రాయగడ, ఇప్పుడు భువనేశ్వర్‌లో పరాన్నజీవుల జన్యువుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

జియార్డియా డ్యుయోడెనాలిస్ అని ఒకే పేరు పెట్టారు గానీ, లోపల జన్యువులు చూస్తే అది ఒక్క రకం కాదు. ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది గుంపులు ఉన్నాయి, మేం అసెంబ్లేజ్‌లు అంటాం. ఎ, బి మనుషుల్లోనూ చాలా జంతువుల్లోనూ ఉంటాయి. సి, డి ఎక్కువగా కుక్కల్లో. ఇ అంటే ఆవు, గేదె, మేక, గొర్రె, పంది లాంటి గిట్టల జంతువులది. ఎఫ్ పిల్లులది. జి ఎలుకలది. హెచ్ సముద్రంలో ఉండే సీల్స్‌లో దొరికింది.

గుంపుల మధ్య తేడా చిన్నదేం కాదు. ఎ గుంపు జన్యుపటం 2007లో వచ్చింది, బి గుంపుది 2009లో, ఇ గుంపుది 2010లో. ఎ, బి రెండూ మనుషులకి సోకేవే అయినా, వాటి ప్రొటీన్లని పక్కపక్కన పెడితే సగటున 78 శాతం దగ్గరే కలుస్తాయి. అందుకే కొందరు శాస్త్రవేత్తలు వీటిని వేర్వేరు జాతులుగా చూడాలని, పశువుల దానికి జియార్డియా బోవిస్ అనీ, కుక్కల దానికి జియార్డియా కేనిస్ అనీ విడిగా పేర్లు వాడాలని ప్రతిపాదించారు.

ఇక మీ పెయ్య సంగతి. ప్రపంచంలో ఎక్కడ దూడల్ని పరీక్షించినా ఎక్కువ భాగం ఇ గుంపే వస్తుంది. అది మనుషుల్లో అరుదు. కాబట్టి రెండు రిపోర్టుల్లో ఒకే పేరు ఉన్నంత మాత్రాన దూడ దోషి కాదు. పాపలో ఉన్నది బి అనుకోండి, అది మనుషుల మధ్యే తిరిగి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. జన్యుపరీక్ష లేకుండా పెయ్యని అమ్మేయడం నా దృష్టిలో అన్యాయం.

రాయగడ_పశువైద్యం
జన్యుబాట చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను. కానీ "దూడ దోషి కాదు" అన్న మాట విని పాపని సాలలో వదిలేస్తారేమో అని నా భయం. ఇ గుంపు మనుషుల్లో అరుదే, కానీ ఈజిప్టులో, బ్రెజిల్లో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పల్లెల్లో మనుషుల్లో దొరికింది. దూడల్లో ఇ ఒక్కటే కాదు, ఎ కూడా వస్తుంది. ఎ అయితే మనిషికి రాదని ఎవరూ చెప్పలేరు.

పైగా లెక్క చూడండి. సోకడానికి పది సిస్టులు చాలు. ఆ సంగతి 1954లోనే తేలింది. దూడ పేడలో ఒక్క గ్రాములోనే వేలకొద్దీ ఉంటాయి.

జన్యుబాట
నిజమే, ఒప్పుకుంటున్నాను. ఒక చేర్పు మాత్రం. ఎ లోపల మళ్లీ ఉపగుంపులున్నాయి. ఎ1 జంతువుల్లో ఎక్కువ, ఎ2 మనుషుల్లో ఎక్కువ, ఎ3 జింకల లాంటి అడవి జంతువుల్లో. అందుకని "దూడలో ఎ దొరికింది, పాపలో ఎ దొరికింది" అన్నా ఇంకా తేలినట్టు కాదు. ఉపగుంపు దాకా వెళ్లి చూడాలి.

సిరొంచ_పోచన్న
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. మా దగ్గర వానాకాలం మేకలు, మనుషులు ఒకే కప్పు కింద పడుకునే ఇళ్లు చాలా. మేకపిల్లలు పారుడు పెడితే ఎవరూ పట్టించుకోరు, పిల్లలకి పెడితే నీళ్లు మారినయ్ అంటారు. ఇన్నేళ్లలో రెండూ కలిపి పరీక్ష చేసినవాళ్లని నేను చూడలేదు. ఈ చర్చ మా ఊళ్లో ఆశా కార్యకర్తకి చదివి వినిపిస్తా.

కుక్కల గురించి కూడా చెప్పండి. మా ఊళ్లో ఇంటికో కుక్క.

జన్యుబాట
పోచన్నా, మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. అస్సాం తేయాకు తోటల్లో మనుషులనీ కుక్కలనీ కలిపి పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. జియార్డియా ఉన్న కుక్క ఇంట్లో ఉంటే, ఆ ఇంటి మనుషుల్లో కూడా జియార్డియా ఉండే అవకాశం ఎక్కువని తేలింది. జన్యువుల్లో కూడా రెండింటి మధ్య ఒకే రకాలు దొరికాయి. కుక్కల సొంత గుంపులు సి, డి అయినా, మనుషులతో కలిసి తిరిగే ఊరికుక్కల్లో ఎ, బి కూడా ఉంటాయన్నమాట. మనిషి మలం బయట పడే చోట కుక్కకి మన దగ్గర్నుంచే వెళ్లి ఉండొచ్చు. ఎటు నుంచి ఎటు అన్నది రెండు వైపులా చూడాలి.

గుణుపురం_బాబ్జీ
అంటే కుక్క కూడా మనల్ని అమ్మేయమని అడగొచ్చు.

బరంపురం_కోడలు
బాబ్జీ 😄

పాతపట్నం_వ్యాపారి
నాకు అర్థం కానిది ఒకటుంది. ఎ అయితేనేం, బి అయితేనేం, మందు అదే కదా? టినిడజోల్, మెట్రోనిడజోల్ ఏదో ఒకటి రాస్తారు. ఈ జన్యువుల గొడవ పీహెచ్‌డీలకి పనికొస్తుంది, పాపకి ఏం పనికొస్తుంది?

ల్యాబ్_లక్ష్మి
మందు వరకు మీ మాట నిజం. కానీ మందు వేశాక మళ్లీ వచ్చింది కదా, అసలు ప్రశ్న అక్కడ ఉంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే ఎన్నిసార్లు మందు వేస్తారు?

జన్యుబాట
వ్యాపారిగారూ, 2004లో నార్వేలోని బెర్గెన్ నగరంలో వెయ్యి మందికి పైగా జియార్డియా తేలింది. చూస్తే బి గుంపు. మురుగు పైపులు లీకై తాగునీటి చెరువులోకి చేరడం కారణమని తేల్చారు. అక్కడ పశువుల వెంట పడితే అసలు కారణం అలాగే ఉండిపోయేది. చాలామందికి జియార్డియా పోయాక కూడా ఏళ్ల తరబడి నీరసం, పేగుల బాధ మిగిలాయి. దీన్ని చిన్న రోగం అనుకోకండి. పిల్లల్లో అయితే ఎదుగుదల మీద పడుతుంది.

గుంపు తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇ వస్తే సాల, పేడ. బి వస్తే ముందు ఇంటి మనుషులు, మరుగుదొడ్డి, నీళ్లు.

పాతపట్నం_వ్యాపారి
ఇలా చెప్తే అర్థమైంది. మరి మన వైపు ల్యాబుల్లో ఈ పరీక్ష ఎందుకు చెయ్యరు?

జన్యుబాట
పిసిఆర్ (డీఎన్‌ఏ ముక్కకి ఎక్కువ ప్రతులు తీసే పద్ధతి) కావాలి, తర్వాత సీక్వెన్సింగ్ (ఆ డీఎన్‌ఏ అక్షరాలు చదవడం). మామూలు ల్యాబ్‌లో అయ్యే పని కాదు, పరిశోధన సంస్థల్లోనే చేస్తారు. చేసినా ఒక్క జన్యువు చూసి తేల్చలేం. టిపిఐ, జిడిహెచ్, బీటా జియార్డిన్ అని కొన్ని జన్యువులు కలిపి చూస్తాం. ఒకే నమూనాలో ఒక జన్యువు ఎ అని, ఇంకొకటి బి అని చెప్పడం నేను కళ్లారా చూశాను. ఒకే పిల్లలో రెండు గుంపులూ కలిసి ఉండటం ఒక కారణం.

ఇంకో కారణం ఈ క్రిమి శరీరంలోనే ఉంది. సిస్టు నుంచి బయటికొచ్చి పేగులో బతికే దశలో దీనికి రెండు కేంద్రకాలు, రెండూ పనిచేస్తాయి, ఒక్కోదాంట్లో రెండేసి క్రోమోజోమ్ సెట్లు. అంటే ప్రతి జన్యువుకీ నాలుగు ప్రతులు. ఒక దస్తావేజుకి నాలుగు నకళ్లు రాయించి, ఒక్కోదాంట్లో ఒకటి రెండు అక్షరాలు మారిపోతే ఎలా ఉంటుందో అలా. ఎ లో ఈ తేడా దాదాపు ఉండదు. బి లో బాగా ఉంటుంది, అందుకే బి ని ఉపగుంపులుగా విడగొట్టడం మాకు తలనొప్పి.

మల్కన్‌గిరి_మాస్టారు
స్కూల్లో ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర వేస్తాం. అందులో ఇది పోదా? అల్బెండజోల్ జియార్డియాకి కూడా పనిచేస్తుందని ఎక్కడో చదివాను.

ల్యాబ్_లక్ష్మి
పనిచేస్తుంది మాస్టారూ, కానీ జియార్డియాకి ఇస్తే వరసగా కొన్ని రోజులు ఇవ్వాలి. స్కూల్లో వేసేది ఒక్క మాత్ర, అది ఏలికపాములు, కొంకిపురుగుల కోసం. మాత్ర వేశారు కాబట్టి జియార్డియా ఉండదు అనుకోవడానికి లేదు.

కాశీనగర్_కుర్రోడు
ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. మా ఇంటి పరిస్థితి కూడా చెప్తాను. తాగేది ఇంటి వెనక నుయ్యి నీళ్లు. మోటారుతో తోడి డ్రమ్ములో పోస్తాం. బ్లీచింగ్ వేయిస్తాం. నూతికి ఒక పక్క మా పేడగుంత, ఇంకో పక్క పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గుంత. పెద్ద వానకి పెరడంతా నిండి నూతి గట్టు దాకా నీళ్లొస్తాయి. పాప అంగన్‌వాడీకి వెళ్తుంది. ఇంట్లో ఆరుగురం, పాపకి తప్ప ఎవరికీ పరీక్ష చేయించలేదు.

మా అత్తకి ఇంకో అనుమానం కూడా ఉంది. ఆవుపాలు తాగితే పాపకి కడుపు ఎక్కువ పాడవుతోంది. అందుకే ఆవు మంచిది కాదంటోంది.

ల్యాబ్_లక్ష్మి
ఆ పాల సంగతి నాకు బాగా తెలుసు. జియార్డియా చిన్నపేగు గోడకి అంటుకుని ఉంటుంది. పాలలోని చక్కెరని అరిగించే ఎంజైము ఆ గోడలోనే తయారవుతుంది. గోడ దెబ్బతింటే పాలు అరగవు, గ్యాసు, విరేచనం. క్రిమి పోయాక కూడా కొన్ని వారాలు ఇలా ఉండొచ్చు. ఏ పాలైనా అంతే, ప్యాకెట్ పాలు పోసి చూడండి, అదే జరుగుతుంది. ఆవుని అనొద్దని మీ అత్తగారికి చెప్పండి. పెరుగు చాలామందికి పడుతుంది. మీకు మళ్లీ వచ్చిందనిపించినప్పుడు అది నిజంగా జియార్డియానా, పాలు పడకనా అన్నది కూడా పరీక్ష చేసి చూడాలి. పరీక్ష చెయ్యకుండా మళ్లీ మందు మొదలుపెట్టకండి.

బరంపురం_కోడలు
ఇది మాకు ఎవరూ చెప్పలేదు. మా ఆడపడుచు కొడుకు రెండు నెలలు పాలు తాగితే ఇలాగే అయ్యేవాడు, మందు పనిచెయ్యలేదని ఏడ్చేది.

గుణుపురం_బాబ్జీ
ఆ నుయ్యి చదివితే నాకు టెన్షన్ వచ్చింది. పేడగుంత ఒక పక్క, దొడ్డి గుంత ఒక పక్క, వానకి నీళ్లన్నీ కలిసిపోతుంటే ఏ గుంపు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు?

రాయగడ_పశువైద్యం
బాబ్జీ అన్నదే నా మాట కూడా. నుయ్యి ఇలా ఉంటే అన్ని గుంపులూ ఒకే గ్లాసులో ఉంటాయి. బ్లీచింగ్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. బ్యాక్టీరియా చచ్చినంత తేలిగ్గా సిస్టులు చావవు. చల్లటి నీళ్లలో వారాలు, నెలలు బతుకుతాయి. నీళ్లు తెర్లేదాకా కాచాలి, తెర్లాక ఒక నిమిషం ఉంచితే చాలు. ఇది ఇవాళే మొదలుపెట్టండి, జన్యుపరీక్ష కోసం ఆగకండి.

పెయ్యని పాప నుంచి కొంచెం దూరంగా కట్టండి. సాల కడిగిన నీళ్లు నూతి వైపు పోకుండా గాడి తీయండి. నేల ఎండేలా చూడండి, ఎండలో సిస్టులు నిలవవు. పాలు పితికాక, పేడ ఎత్తాక సబ్బుతో చేతులు. అమ్మడం కంటే ఇవి తేలిక.

ఇంకొకటి అడగాలి. పెయ్యకి ఎన్ని వారాలు? పారుడు పెట్టడానికి జియార్డియానే కారణమని ఎవరు చెప్పారు? రోటా, కోలై, కాక్సిడియా ఏదైనా కావచ్చు. మరీ పసిది అయితే క్రిప్టోస్పోరిడియం అయ్యే అవకాశం చాలా ఉంది.

కాశీనగర్_కుర్రోడు
మూడు వారాలు దాటింది సార్. క్రిప్టో అంటే?

జన్యుబాట
సార్ మంచి మాట ఎత్తారు. క్రిప్టో అంటే క్రిప్టోస్పోరిడియం, విరేచనాలు తెప్పించే ఇంకో పరాన్నజీవి. క్రిప్టో అయితే నేను పైన చెప్పినదంతా తిరగబడుతుంది. పసిదూడల్లో ఎక్కువగా ఉండే క్రిప్టోస్పోరిడియం పార్వం మనిషికి సూటిగా సోకుతుంది. హోమినిస్ అనే రకం ఎక్కువగా మనుషుల మధ్యే తిరుగుతుంది. పశువైద్య విద్యార్థులకి దూడల నుంచి పార్వం సోకిన సందర్భాలు చాలా నమోదయ్యాయి. జియార్డియాలో దూడ మీద అనుమానం తక్కువ, పార్వంలో దూడ మీదే మొదటి అనుమానం. మామూలు అయోడిన్ పరీక్షలో ఇది తప్పిపోతుంది, యాసిడ్ ఫాస్ట్ రంగు వెయ్యాలి. పెయ్య పేడకీ పాప మలానికీ రెండింటికీ ఆ రంగు వేసి చూడమని అడగండి.

పాతపట్నం_వ్యాపారి
అంటే మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. పెద్దవాళ్లు దూడ దగ్గరికి పోనివ్వకపోవడంలో అర్థం ఉంది, అమ్మేయమనడంలో లేదు.

సిరొంచ_పోచన్న
పోయినసారి తగ్గి మళ్లీ వచ్చింది అన్నరు కదా. ఒకసారి వచ్చినాక ఒంట్లో నిరోధకశక్తి రాదా?

జన్యుబాట
కొంత వస్తుంది. కానీ ఈ క్రిమి తన పై పొర ప్రొటీన్‌ని మారుస్తూ ఉంటుంది. దానికి అలాంటి ప్రొటీన్ల జన్యువులు సుమారు రెండు వందల దాకా ఉంటాయి, ఒకసారికి ఒక్కటే బయట చూపిస్తుంది. మన ఒళ్లు ఒకదాన్ని గుర్తుపట్టేలోపు ఇంకొకటి వేసుకుంటుంది. ఎ, బి, ఇ గుంపుల్లో ఈ జన్యువుల సమితి కూడా చాలా తేడాగా ఉంటుంది. ఒక గుంపు వచ్చి పోయినంత మాత్రాన ఇంకో గుంపు రాదని ధీమా లేదు.

మల్కన్‌గిరి_మాస్టారు
1681లో లేవెన్‌హుక్ తన సొంత మలంలో దీన్ని మొదటిసారి చూశాడని పిల్లలకి చెప్తుంటాను. మూడు వందల ఏళ్లు దాటినా ఒక పల్లెలో పాపకి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతున్నాం. డాక్టరు పశువుని చూడడు, పశువుల డాక్టరు పాపని చూడడు. ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఒకరుండాలి. అది మన సరిహద్దు జిల్లాల్లో మరీ అవసరం. పశువు సంతకి ఆంధ్రా వెళ్తుంది, మనిషి ఆసుపత్రికి బరంపురమో విశాఖో వెళ్తాడు, రిపోర్టులు ఎక్కడా కలవవు.

జన్యుబాట
మాస్టారూ, అందుకే మా గైడ్‌ని అడిగాను. జంతువుల నమూనాలు పంపితే మా పనితో పాటు చూస్తామన్నారు. మనుషులవి మాత్రం నేరుగా తీసుకోకూడదు, ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం, డాక్టరు ద్వారా రావాలి. ఆ ఏర్పాటు గురించి కాశీనగర్ గారికి విడిగా మెసేజ్ పెడతాను. ఫలితం త్వరగా రాదు, మందు, కాచిన నీళ్లు, ఇంట్లో అందరి పరీక్ష దానికోసం ఆపొద్దు.

కాశీనగర్_కుర్రోడు
పేడ ఎలా పంపాలి? ఫార్మలిన్ వేసి పెట్టమని ఇక్కడ ఒకరన్నారు.

జన్యుబాట
ఫార్మలిన్ వద్దు, దాంట్లో డీఎన్‌ఏ పాడవుతుంది. మైక్రోస్కోపుకి అయితే సరే, పిసిఆర్‌కి పనికిరాదు. 70 శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో, పేడ కంటే ఆల్కహాల్ బాగా ఎక్కువ ఉండేలా కలిపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి.

రాయగడ_పశువైద్యం
నేల మీద పడిన పేడ ఎత్తకండి, దాంట్లో కుక్కదీ కోడిదీ కలుస్తుంది. గ్లవ్ వేసుకుని నేరుగా దూడ నుంచే తీయాలి. చేతకాకపోతే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌ని పిలవండి, రెండు నిమిషాల పని.

సిరొంచ_పోచన్న
మా మేకలవి కూడా పంపొచ్చా? ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఇస్తామన్నరు.

జన్యుబాట
తప్పకుండా పంపండి, సిరొంచ వైపు నమూనాలు మా దగ్గర ఒక్కటీ లేవు. ప్రతి జంతువుకీ వేరే సీసా. సీసా మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను రాత ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. ఏ జంతువు, వయసు, పారుతోందా లేదా, తేదీ. అదే ఇంట్లో కుక్క ఉంటే దానిది కూడా.